మూడు పెరళ్ల టవర్

లాగ్ 211
పడమటి గాలి. వాన వెలిసింది. సిగ్నల్ స్పష్టం.

పొద్దున్నే టవర్ ఎక్కాను. మూడో ముక్క అతుకు దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచింది. ఇనప బ్రష్షుతో గీకితే ఎర్రటి పొడి కళ్లలోకీ జుట్టులోకీ దిగింది. డబ్బాలో మిగిలిన రంగు ఆ ఒక్క అతుక్కే సరిపోయింది. కింది ముక్కల సంగతి మళ్లీ రంగు దొరికినప్పుడు చూడాలి. ఈ మెట్ట మీదికి ఉప్పుగాలి రాదని చెప్పి మమ్మల్ని తెచ్చి పడేశారు. మా ఊరిని మింగిన సముద్రానికి ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు. ఏటేటా కాస్త పైకొస్తోంది. ఆఫీసువాళ్లు ఒప్పుకోరు గానీ నా ఇనుము ఒప్పుకుంటోంది.

ఒకప్పుడు నేను కరెంటు ఆఫీసులో లైను పని చేశాను. స్తంభాలెక్కడం నాకు మెట్లెక్కినంత పని. మా ఆయన కూర్మారావు వెల్డరు. ఇద్దరికీ ఈ రేడియో పిచ్చి పెళ్లికి ముందే ఉంది, పెళ్లయ్యాక ముదిరింది. పొన్నమెట్ట కాలనీకి వచ్చిన ఏడే, పనికిరాకుండా పోయిన సెల్ టవర్ల ఇనుము తెచ్చి ఆయన ముక్కలు అతికాడు, నేను ఒక్కో ముక్కా పైకెక్కించి నిలబెట్టాను. ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలవను. రేడియో లాగ్‌లో మాత్రం పేరే రాయాలి. అది పద్ధతి.

ఇంత పొడుగు టవర్ నిలబడాలంటే మూడు వైపులా స్టే తీగలు లాగి, నేలలో పాతిన ఊసలకి బిగించాలి. దూరంగా బిగిస్తేనే పట్టు. ఇక్కడ ఇచ్చిన జాగాల్లో మంచం అడ్డంగా వేస్తే కాళ్లు పక్కింట్లో ఉంటాయి. అందుకని ఒక స్టే మా పెరట్లో, ఒకటి పక్కింటి దాలమ్మ పెరట్లో, ఒకటి వెనక ఇంటి పోలయ్య పెరట్లో. వానకి నేల మెత్తబడితే తీగలు వదులవుతాయి. మూడిళ్లూ తిరిగి బిగించుకోవాలి.

దాలమ్మ నాకు వరసకి చెల్లెలు, అక్కా అనకుండా మా వైపు వాడుకలో అప్పా అని పిలుస్తుంది. పాత ఊళ్లో మా రెండిళ్లకీ ఒకటే గోడ. నేను ఊస దగ్గర కూర్చుని తీగ బిగిస్తుంటే గిన్నెలో గంజి తెచ్చిచ్చింది. అరుగు మీద పలుకుపెట్టె ఆమె మొగుడు గరగయ్య గొంతుతో మాట్లాడుతోంది. ఏం కూర అని అడిగింది. వంకాయ అని దాలమ్మ చెప్పింది. పులుపు తగ్గించు, నీకు కడుపులో మంట అని పెట్టె అంది. దాలమ్మ నా వైపు చూసి, అంత దూరాన ఉండి కూడా చూడు ఎంత జ్ఞాపకమో అన్నట్టు నవ్వింది.

గరగయ్యా, మా ఆయనా ఒకే ఓడలో మూడో తెప్పకి వెళ్లారు. లంక దాటి ఇంకా చాలా కిందికి, సముద్రం అడుగునుంచి లోహపు గడ్డలు పీల్చి తీసే తేలే ఫ్యాక్టరీ అది. కంపెనీ దానికేదో పెద్ద పేరు పెట్టింది. మావాళ్లు తెప్ప అనే అంటారు. అక్కడివాళ్లతో మాట్లాడాలంటే పలుకుపెట్టె ఒక్కటే దారి. అంత దూరం నుంచి మాట మొత్తం రాదట, దారి ఇరుకట. అక్కడివాడు రెండు ముక్కలు చెబితే, ముందే రికార్డు చేసిపెట్టిన అతని గొంతుతో పెట్టె మిగతాది తనే అల్లి చెబుతుంది. బిగించిన రోజున కంపెనీ మనిషి ఈ సంగతి దాచలేదు. అందరం విన్నాం. ఆ తర్వాత అందరూ మరిచిపోయారు.

మా ఇంట్లో పెట్టె లేదు. గొంతు రికార్డు చేసే రోజున కూర్మారావు జలుబు చేసిందని గొణిగి తప్పించుకున్నాడు. నాకు టవర్ ఉంది.


లాగ్ 214
గాలి లేదు. సిగ్నల్ సన్నగా, కానీ ఆగకుండా వచ్చింది.

దీపాలు పెట్టే వేళ రేడియో షెడ్డులో కూర్చున్నాను. అక్కడ షిఫ్టు మారే సందులో ఆయన పిలుస్తాడు. ఆయన దగ్గరున్నది కంపెనీకి తెలియకుండా దాచుకున్న, పొగాకు డబ్బాలో ఇమిడే సెట్టు. దాంట్లో మాట వెళ్లదు, అక్షరానికి ఇన్నని లెక్కగా మోర్సు టుక్కులే వెళతాయి. బట్టలారేసే తీగే ఆయనకి యాంటెన్నా. అంత నీరసమైన సిగ్నల్ పట్టాలంటే ఇటువైపు ఎత్తు ఉండాలి. టవర్ తల మీద యాంటెన్నా దక్షిణానికి తిరిగి ఉండాలి. కప్పు మీద తీగ కట్టి చూశాం ఒకసారి, హోరు తప్ప ఏమీ రాలేదు.

తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలుగా విరిచి పంపుతాడు. ఇవాళ మొదటి మాటే, గరగయ్య లేడు అని వచ్చింది.

వేరే తెప్పకి మార్చారా అని అడిగాను. ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. పోయాడు. ఆషాఢంలో. అడుగు డెక్కు మీద గొట్టం పేలింది. సముద్రంలోనే వదిలేశారు.

పై డెక్కువాళ్లని అడుగు డెక్కువాళ్లతో కలవనివ్వరట. గరగయ్యని మార్చేశారనే ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇవాళ అడుగు డెక్కులో అతుకు వెయ్యడానికి పంపితే తెలిసింది. ఇంటికి కబురు పెట్టారా అని ఆఫీసులో అడిగాడట. ఇంటివాళ్లు రోజూ మాట్లాడుతూనే ఉన్నారు కదా అన్నారట.

ఇవతలికి వచ్చేసరికి పక్కింటి అరుగు మీద గరగయ్య గొంతు నవ్వుతోంది. దాలమ్మ కూడా నవ్వుతోంది. ఆషాఢం నుంచి ఈ భాద్రపదం దాకా ఆ మనిషి, పోయినవాడికి రోజూ ఏం వండిందో చెబుతోంది.

చెప్పలేదు. ఎలా చెప్పను? బొట్టూ గాజులూ తీయించడానికి నేనెవరిని? చెబితే పోయినవాడు తిరిగొస్తాడా? చెప్పకపోతే ఎవరికి నష్టం? ఇలా నాకు నేనే నచ్చజెప్పుకుని పడుకున్నాను.


లాగ్ 216
తూర్పు గాలి మొదలైంది.

దాలమ్మ పెరట్లో స్టే మళ్లీ వదులైంది. బిగిస్తుంటే పెట్టె మాటలు చెవిన పడ్డాయి. ఈసారి వంట సంగతి కాదు.

"గుంటని పంపీ. అక్కడుండి ఏటి సేస్తాది? ఇక్కడైతే నా కళ్ల ముందుంటాది. కార్తీకానికి ముందే కంపెనీ బస్సొస్తాది. పేరు నానే రాయించీసినాను."

గుంట అంటే నీలవేణి, వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఇంటరు అయ్యాక పనేదీ దొరక్క, కాలనీ గోదాములో గోనెసంచులు కుడుతోంది. దాలమ్మ పెరట్లోకి వచ్చి, విన్నావా అప్పా అని చేతులు పట్టుకుంది. తండ్రి దగ్గరుంటే భయమేముందని, నేనడగకుండానే రెండుసార్లు అంది.

తీగ సగం బిగించి వచ్చేశాను. మొన్న ఎవరికి నష్టమని రాసుకున్నాను. ఆ రాతని ఇప్పుడు కొట్టేశాను.


లాగ్ 217

కుళాయి దగ్గర, బిందెలు నిండేవేళ చెప్పాను. పక్కన ఎవరూ లేకుండా చూసి చెప్పాను. తిన్నగా, వంకర లేకుండా, కూర్మారావు చెప్పినదంతా చెప్పాను.

దాలమ్మ బిందె కింద పెట్టలేదు. చంకలో నిండు బిందెతోనే నిలబడి విన్నది. ఎవరు చెప్పారని అడిగింది. మీ బావ అన్నాను. నిన్న సాయంత్రం కూడా మొగుడు తనతో మాట్లాడాడనీ, కడుపుమంట తగ్గిందా అని అడిగాడనీ చెప్పింది. అది పెట్టె అల్లిన మాట అని నేనంటే, ఆమె ముఖంలో కోపం కూడా లేదు. నా మీద జాలిపడ్డట్టు చూసింది.

సాయంత్రం నీలవేణిని షెడ్డులోకి పిలిచి హెడ్‌ఫోన్సు పెట్టాను. కూర్మారావు పంపుతుంటే అక్షరం అక్షరం కాగితం మీద రాసి చూపించాను. పిల్ల చివరిదాకా ఓపిగ్గా కూర్చుంది. తర్వాత తీసి బల్ల మీద పెట్టి అంది:

"పెద్దమ్మా, ఇందులో నాకినిపించింది టుక్కుటుక్కు. మాటగా రాసింది నువ్వు. ఇంట్లో మా నాన్న గొంతు నా సెవులతో ఇంటన్నాను. నాను దేన్ని నమ్మాల?"

నిజం టుక్కుటుక్కుమంటుంది. అబద్ధానికి తండ్రి గొంతుంది. పైగా ఈ కాలనీలో మోర్సు వచ్చింది నాకొక్కదానికే. అంటే కూర్మారావుని కాదు, వాళ్లు నన్ను నమ్మాలి. మొగుడు పక్కన లేని ఆడది, పెట్టె లేని ఇల్లు, కుళ్లుకుంటోంది అనుకోవడానికి ఎంతసేపు?


లాగ్ 219
సిగ్నల్ లేదు. అక్కడ తుఫాను కావచ్చు.

పోలయ్య మాట అంటే కాలనీలో ఇంకా కొంచెం గురి ఉంది. పాత ఊళ్లో పెద్ద పడవకి సరంగు. దాలమ్మకి వరసకి మామ. పిల్లని ఆపమని చెప్పించడానికి వెళ్లాను. ఆయన పెరట్లో స్టే ఊస చుట్టూ తనే రాళ్లు పేర్చి, గట్టి చేసి ఉంచాడు. నేనడక్కుండా అలాంటి పని చేసిపెట్టినవాడు ఈ కాలనీలో ఆయనొక్కడే.

అంతా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. చుట్ట ఆరిపోతే మళ్లీ వెలిగించుకోలేదు. ఆయన కొడుకు కూడా మూడో తెప్పలోనే, అడుగు డెక్కులోనే ఉన్నాడు. నేను అడగబోయేది ఆయనకి ముందే తెలిసినట్టుంది. చెయ్యెత్తి ఆపాడు.

"నా పెరట్లో నీ స్టే నానున్నన్నాళ్లుంటాది. ఎవుడొచ్చి పీకమన్నా పీకనివ్వను. నా కొడుకు పేరు మాత్రం ఆ తీగ మీద అడక్కు తల్లీ."

మరి నీలవేణి సంగతి అన్నాను. ఆ పెట్టెలో మాట్లాడేది గరగయ్య కాదని దాలమ్మకి చెబితే, మా పెట్టెలో మాట్లాడేది ఎవరని మా ముసిల్ది నన్నడుగుతుంది, నేనేం చెప్పను అన్నాడు. నాతో వీధి దాకా వచ్చి, జారుతుంది జాగ్రత్త అని చెప్పి వెనక్కి వెళ్లిపోయాడు.


లాగ్ 222
తూర్పు గాలి. సిగ్నల్ స్పష్టం.

కూర్మారావుని ఒక్కటే అడుగుతూ వచ్చాను. గరగయ్యకీ దాలమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియని మాట ఒక్కటి కావాలి. ఆయన ప్రమాదమని తెలిసీ మళ్లీ అడుగు డెక్కుకి దిగాడు. గరగయ్య పక్క బల్ల మీద పడుకునే ఒడిశా మనిషిని పట్టుకున్నాడు. గొట్టం పేలిన తర్వాత గరగయ్య ఒక పూట బతికే ఉన్నాడట. ఆ పూటంతా ఎండునెత్తలి, ఎండునెత్తలి అని అడిగాడట. నడిసముద్రంలో ఎండుచేపలు ఎక్కణ్ణించి తేను, అన్నం మెతుకులు పెట్టబోతే మింగలేదు అని ఆ మనిషి బాధపడ్డాడట.

ఇది ఏ సాక్ష్యానికి పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. చేపలు పట్టేవాడు చేప అడగడంలో వింతేముంది? అయినా ఉన్నది అదే. ఆగలేక అప్పటికప్పుడే దాలమ్మ అరుగెక్కి చెప్పాను.

దాలమ్మ బియ్యం ఏరుతోంది. చేట ఒళ్లోంచి జారిపోయింది. గింజలు నేల మీద చెదిరాయి.

"అది సేప కాదప్పా," అంది. "నన్నే. పెళ్లయిన కొత్తలో పుల్లలాగుండేదాన్ని కదా. మంచం మీద తప్ప ఎక్కడా అలగ పిలిసీవోడు కాదు. మా అత్తక్కూడా తెలీదు."

ఆమె ఏడవడం మొదలుపెట్టాక నీలవేణి లోపల్నుంచి వచ్చింది. పిల్లకి నేను చెప్పలేదు, తల్లే చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. పెట్టెని నీలవేణి గోడ వైపు తిప్పి, పైన దుప్పటి కప్పింది. ప్రయాణానికని సర్దిన ట్రంకుపెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేసింది.

నేను ఇంటికొచ్చి అన్నం తిన్నాను. గరగయ్య పోయాడని తెలిసినప్పటి నుంచి ఇవాళే ముద్ద దిగింది. పక్కింట్లో ఏడుపు వినపడుతుంటే కడుపు నిండా తిన్నాను. అలాంటి మనిషినయ్యాను.


లాగ్ 223

తప్పు నాదే. ఆ మాట అరుగు మీద చెప్పాను. పెట్టె పక్కనే ఉంది.

ఇవాళ సాయంత్రం దుప్పటి కిందనుంచి పిలిచిందట. ఇన్నాళ్లుగా ఎప్పుడూ పిలవని పేరుతో, "ఏటే ఎండునెత్తలీ, కోపమా" అని.

నేను వెళ్లేసరికి దుప్పటి తీసేసి ఉంది. దాలమ్మ పెట్టె ముందు చాప మీద కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నా ముఖం పెళ్లికూతురి ముఖంలా ఉంది. నిన్న నువ్వూ నేనూ ఇక్కడే మాట్లాడుకున్నాం, అది విని ఉంచుకుందని చెప్పాను. చెవుల్లేని వస్తువు కాదది, మీ ఇంట్లో ప్రతి మాటా తింటుందని చెప్పాను. నీలవేణి వైపు తిరిగి, నువ్వైనా ఆలోచించమన్నాను. పిల్ల దండెం మీది బట్టలు మడత పెడుతోంది.

"అందరూ ఇంటారని సిగ్గుపడి ఇన్నాళ్లూ పిలవలేదంట," అంది దాలమ్మ. "నిన్న నానేడిసీసరికి ఉండలేకపోనాడంట."

అప్పుడే పెట్టె మళ్లీ మాట్లాడింది. నేనక్కడ ఉన్నానని దానికి తెలుసో లేదో నాకు తెలియదు. మెత్తగా, గరగయ్య ఎప్పుడూ మాట్లాడేటంత మెత్తగా, పెరట్లో ఆ ఇనప ఊస ఎందుకని అడిగింది. రేపు గాలికి ఆ టవరు మన ఇంటి మీదే కూలుతుంది, నేను దగ్గర లేను, నాకు నిద్ర పట్టడం లేదు, పీకించెయ్యి అంది.

దాలమ్మ నా వైపు చూడలేదు. నేలకేసి చూస్తూ, విన్నావు కదప్పా అంది.

పోయినవాడు చెప్పిన మాట మీద, బతికున్నవాడి తీగ పీకమంటోంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అంటే దాన్ని కూడా పెట్టె దాచుకునేది.


లాగ్ 226
తూర్పు గాలి గట్టిగా ఉంది.

దాలమ్మ పెరట్లో ఊస తీసేశాను. మా హద్దు లోపలే, గోడవారగా కొత్త ఊస పాతాను. మరీ దగ్గర. తీగ దాదాపు నిటారుగా దిగింది. అలా దిగిన స్టే, స్టే కాదు. ఆ సంగతి తెలిసే బిగించాను. బస్సు వచ్చేలోగా కూర్మారావు చేత ఇంకొక్క మాట చెప్పించగలిగితే చాలనుకున్నాను.

రెండు సాయంత్రాలు దొరికాయి. ఎండునెత్తలి సంగతి పెట్టె ఎలా మింగేసిందో ఆయనకి చెప్పాను. ఇంకేం వెతకమంటావు అని వచ్చింది. మర్నాడు, పిల్లని రానివ్వకు, ఇక్కడ అడుగు డెక్కులో మనుషులు చాలడం లేదు, కొత్తవాళ్లందర్నీ అక్కడికే దించుతున్నారు అని పంపాడు. అది కూడా వెళ్లి చెప్పాను. గుమ్మం బయటే నిలబెట్టి విన్నారు.

ఇవాళ మధ్యాహ్నం గాలికి టవర్ మెడ దగ్గర మెలిక తిరిగింది. కింద నిలబడి చూస్తే ఎడమకి ఒరుగుతోంది, అంటే దాలమ్మ కప్పు మీదికి. ఇంకొక గట్టి గాలి వస్తే పెట్టె చెప్పిందే జరుగుతుంది. దానికి అంత మర్యాద కూడా దక్కనివ్వను. దించేస్తాను.

దీపాల వేళ మెలిక పడిన యాంటెన్నాతోనే కూర్మారావుకి చెప్పాను. టవర్ దించుతున్నాను, మళ్లీ ఎప్పుడు నిలబెడతానో తెలియదు అని. ఆయన దగ్గర్నుంచి సగమే చేరింది. జాగ్రత్త అన్నది ఒక్కటే స్పష్టంగా వచ్చింది. ఎక్కేటప్పుడా, ఇంకెందులోనా తెలియలేదు.


లాగ్ 227
గాలి తగ్గింది.

తెల్లారాక నడుముకి తాడు కట్టుకుని ఎక్కాను. కప్పీ పైకి తీసుకెళ్లి, యాంటెన్నా విప్పి కిందికి వదిలాను. తర్వాత పై నుంచి ఒక్కో ముక్కా విప్పుకుంటూ రావాలి. విప్పిన ముక్క బరువుకి కింద ఎవరో ఒకరు తాడు పట్టాలి.

ఈ టవర్ నిలబెట్టినప్పుడు మేమిద్దరమే ఉన్నాం. రంగు వేసినప్పుడు నేనొక్కదాన్నే. దించుతుంటే మాత్రం వీధంతా వచ్చింది. అడక్కుండానే తాడు పట్టుకున్నారు. వీళ్లలో ఎంత సాయం ఉందో నాకు ఇవాళే తెలిసింది. తాడు పట్టినవాళ్లలో అందరికంటే ముందు నీలవేణి ఉంది. పైనుంచి చూస్తే నల్లటి జడ, రెండు చేతులు. ముక్క ఎక్కడ తగులుతుందోనని జాగ్రత్తగా, నెమ్మదిగా వదిలింది. మంచి పనిమంతురాలయ్యేది.

పోలయ్య తన స్టే విప్పనివ్వలేదు. టవరే లేకపోయాక తీగెందుకని ఎవరో అంటే, ఉండనీ అన్నాడట. ఇప్పుడు దాని రెండో కొస మా పెరట్లో నేల మీద చుట్టగా పడి ఉంది.

చివరి ముక్క దిగాక దాలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. మన్నించు అప్పా అంది, చాలా మెల్లగా. ఎందుకు మన్నించమందో అడిగి తెలుసుకోవాలనిపించలేదు. మజ్జిగ తాగాను.


లాగ్ 231

బస్సు వచ్చింది. కాలనీ నుంచి చాలామంది పిల్లలు గొంతులు రికార్డు ఇచ్చి ఎక్కారు. నేను గుమ్మంలోకి రాలేదు. నీలవేణి తనే వచ్చింది. కొత్త చెప్పులు వేసుకుంది. పెదనాన్నకి ఏమైనా చెప్పాలా, అక్కడ కలుస్తాను కదా అంది. ఆమె గొంతులో వెటకారం లేదు.

దిగగానే పై డెక్కులో వెల్డరు కూర్మారావు ఎక్కడని అడుగు, ఎవరేం చెప్పినా అడుగు డెక్కుకి వెళ్లనని చెప్పు అన్నాను. తలూపింది. పెద్దవాళ్లు చెప్పే చాదస్తాలకి పిల్లలు ఊపినట్టే ఊపింది. వెళుతూ నా కాళ్లకి దండం పెట్టింది. ఆ వంగిన తల పట్టుకుని ఆపి, ఇంట్లో పెట్టి తాళం వేసి ఉండాల్సింది. నాకెందుకు తట్టలేదో! తట్టింది. చెయ్యలేదు.


లాగ్ 236
టవర్ లేదు. సిగ్నల్ లేదు.

కప్పు మీద తీగ కట్టాను. పోలయ్య వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. దీపాల వేళ నుంచి చీకటి పడేదాకా కూర్చున్నాను. హోరు. ఎక్కడో చాలా లోపల టుక్కుమన్నట్టు రెండుసార్లు అనిపించింది. అది ఆయనో, నా చెవులో తెలియదు. ఆయన అక్కడ పిలుస్తూ ఉంటాడు. జవాబు రాకపోయినా షిఫ్టు మారే వేళకి రోజూ పిలుస్తాడు, ఆయన స్వభావం నాకు తెలుసు. ఎవరో ఒకరు చూసేదాకా పిలుస్తాడు.

ముక్కలు గోడవారగా పేర్చాను. వానలో తడుస్తున్నాయి. రంగు లేదు.


లాగ్ 244

పొద్దు వాలుతుండగా దాలమ్మ వచ్చింది. టవర్ దించాక మా గుమ్మం ఎక్కడం ఇదే మొదటిసారి. మొహం వెలిగిపోతోంది. వచ్చీ రాగానే నా పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది.

నీలవేణి చేరిందట. ఇప్పుడే మాట్లాడిందట. తండ్రి స్వయంగా ఓడ దగ్గరికి వచ్చి ట్రంకుపెట్టె మోసుకుంటూ తీసుకెళ్లాడట.

"నువ్వూరికే బెంగెట్టుకున్నావప్పా," అంది. "నాన్నా, అదీ కలిసి ఒక్క కంచంలో తిన్నారంట. ఎంత నవ్వుతందో గుంట. నువ్వూ ఇంటే బాగున్ను."

నేను ఆమె ముఖం చూశాను. అక్కడ దిగగానే ఆ పిల్ల, మా నాన్న ఏడని అడిగి ఉంటుంది. ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, లేదా చెప్పకుండా తప్పుకుని ఉంటారు. ఇంటికి మాట్లాడమని నిలబెడితే ఏడ్చి ఉంటుంది. అమ్మా, పెద్దమ్మ చెప్పింది నిజమేనే అని అరిచి ఉంటుంది. ఆ ఏడుపు ఇంత దూరం వచ్చి దాలమ్మ అరుగుకి చేరేసరికి, తండ్రీ కూతుళ్ల భోజనం అయింది.

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఏమవుతుంది? పిల్ల వెనక్కి రాదు. ఒప్పించడానికి నా దగ్గర టుక్కులు కూడా లేవు. దాలమ్మకి రేపటి నుంచి మిగిలేది ఆ రెండు గొంతులే. ఆమె నా నోటి వైపే చూస్తోంది. ఆ చూపులో సంతోషం ఒక్కటే లేదు. ఏదో బతిమాలుకోవడం కూడా ఉంది.

చాప మీద ఇంకొంచెం జరిగి ఆమెకి చోటిచ్చాను.

"ఏటి తిన్నారంట?" అని అడిగాను.